పడక ఇచ్చినవాడే పహరా కాస్తే

లండన్ వీధిలో బండి గుర్రం జారిపడితే జనం చేరి లేపి నిలబెడతారు. ఎందుకు పడ్డావని దాన్ని నిలదీయరు. బతికున్నన్నాళ్లూ దానికి మేత, కొట్టం, పని ఉంటాయి. ఆపాటి అదృష్టం మనిషికి ఎందుకు లేదని 1890లో విలియం బూత్ అడిగాడు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ వ్యవస్థాపకుడు ఆయన. 1865లో భార్య కేథరిన్‌తో కలిసి లండన్ తూర్పు వాడల్లో మతప్రచారానికి దిగాడు. ఆకలితో ఉన్నవాడికి బోధ తలకెక్కదని తెలిసొచ్చాక, 1888లో లైమ్‌హౌస్‌లో చవక తిండి, రాత్రి బస మొదలుపెట్టాడు.

ఆ బసలకు రేట్లుండేవి. పెన్నీ ఇస్తే రాత్రంతా వెచ్చని హాల్లో బల్ల మీద కూర్చోవచ్చు, పడుకోకూడదు. నాలుగు పెన్నీలిస్తే శవపేటికలాంటి చెక్కపెట్టె, కప్పుకోవడానికి టార్పాలిన్ దొరికేవి. ఇప్పుడు ఆ ఫొటోలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది గానీ, ఆనాటి లండన్ చలిలో అది ప్రాణం నిలిపిన ఏర్పాటే. 1891లో ఆ సంస్థే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కూడా పెట్టింది. కార్మికుల దవడ ఎముకల్ని కుళ్లబెట్టే పసుపు భాస్వరాన్ని పక్కనపెట్టి ఎర్ర భాస్వరం వాడింది, కూలీ కూడా ఎక్కువిచ్చింది. బ్రిటన్ పార్లమెంటు ఆ విషాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది 1908లో. అంటే ఒక మతసంస్థ సర్కారు కంటే పదిహేడేళ్లు ముందు నడిచింది.

సూపుతో పాటు ప్రార్థన కూడా వడ్డించేవారు కదా అని మన దగ్గర చాలామంది అంటారు. నిజమే, వడ్డించేవారు. నాకది పెద్ద నేరంగా తోచదు. పాట విని, సూపు తాగి, తెల్లారి తన దారిన తాను పోగల మనిషి ఎవరి బందీ కాడు. చూడాల్సింది ఆ 'పోగలగడం' ఉందా లేదా అన్నదే. అది లేని చోట ఇదే సంస్థ ఎలా మారిందో తెలుగువాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియకపోవచ్చు.

సాల్వేషన్ ఆర్మీ 1882లో బొంబాయి వచ్చింది. నాయకుడు ఫ్రెడరిక్ టక్కర్ ఐసీఎస్ కొలువు వదిలి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నవాడు. తర్వాతి కాలంలో గుంటూరు సీమలో ఆ సంస్థ చేసిన మేలు చిన్నది కాదు. నిడుబ్రోలు ఆసుపత్రి, బాపట్ల కుష్ఠు ఆసుపత్రి అందుకు సాక్ష్యం. అయితే కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను ఒకచోట కట్టడి చేయాలనుకున్నప్పుడు ఆ పనిని అప్పగించింది కూడా ఈ దయగలవాళ్లకే. అలా 1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టువర్టుపురం పుట్టింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్‌లో ఉన్న హెరాల్డ్ స్టువార్ట్ పేరది.

అక్కడ ఇల్లిచ్చారు, భూమిచ్చారు, బడి పెట్టారు. హాజరూ వేశారు. ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. చీరాల పొగాకు కంపెనీకి కూలీలూ అక్కడి నుంచే వెళ్లారు. లండన్‌లో నాలుగు పెన్నీల పెట్టెలో పడుకున్నవాడికి ఉన్న స్వేచ్ఛ స్టువర్టుపురంలో సొంత గడప ఉన్నవాడికి లేకపోయింది. సంస్థ అదే, యూనిఫాం అదే, దేవుడూ అదే. మారిందల్లా ఒక్కటే: పోలీసు అధికారం దానం చేసే చేతికి వచ్చింది. 1952కల్లా దేశమంతటా ఆ చట్టం రద్దయింది, ఊరి పేరుకు అంటిన మచ్చ మాత్రం తరాలు వెంటాడింది. డెబ్బైల్లో అక్కడ సంస్కరణకు పూనుకున్న లవణం గోరా కొడుకు, నాస్తికుడు. ఆయన భార్య హేమలత జాషువా కూతురు. పోలీసు రిజిస్టరు చేతబట్టకుండా, మాటతో వెళ్లారు వాళ్లు. కాబట్టి మతం ఉందా లేదా అన్న దగ్గరే చర్చ ఆగిపోతే అసలు విషయం చేజారుతుంది.

ఇదంతా పాత కథ అనుకుందామంటే 2017 నవంబరు గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు, ఇవాంకా ట్రంప్ రాక. నగరంలో భిక్షాటన నిషేధించి, కూడళ్లలో దొరికినవాళ్లను జైళ్ల ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. తిండి పెట్టారు, స్నానం చేయించారు, బట్టలిచ్చారు. కానీ అడిగి తీసుకెళ్లలేదు. మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు అక్కడ అమల్లో ఉన్న బొంబాయి చట్టంలో భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను కొట్టేసింది. మన 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం గురించి అసెంబ్లీలో అంత గట్టిగా అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

అదే హైదరాబాద్‌లో 2014 నుంచి అయిదు రూపాయల భోజనం నడుస్తోంది. వండేది హరేకృష్ణ సంస్థ, సబ్సిడీ భరించేది జీహెచ్ఎంసీ. వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. అడ్డా కూలీ అయిదు రూపాయలిచ్చి, తిని, చెయ్యి కడుక్కుని పోతాడు; నచ్చకపోతే పక్క బండి దగ్గర ఎగ్ ఫ్రైడ్ రైస్ తింటాడు. ఇక్కడ ఆ సంస్థ నియమం ఎవరినీ కట్టేయదు. కర్ణాటకలో బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో ఇలాంటి వంట మీదే పెద్ద వివాదం రేగింది. పిల్లవాడు పళ్లెం వదిలి ఎక్కడికి పోతాడు?

రాత్రి బస సంగతి మరీ సున్నితం. నగరాల్లో లక్ష జనాభాకు కనీసం ఒక వసతి గృహం ఉండాలని, అది ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మున్సిపాలిటీలు భవనం ఇచ్చి, నిర్వహణను స్వచ్ఛంద సంస్థలకు అప్పగిస్తున్నాయి. నాకు అభ్యంతరం లేదు. అన్నదానానికి పుట్టినరోజు దాతలు దొరుకుతారు గానీ, మరుగుదొడ్డి కడిగే మనిషికి, నైట్ వాచ్‌మన్‌కు నెలనెలా జీతమిచ్చే దాతలు అరుదు. ఆ విసుగు పుట్టించే పనికి ఏళ్ల తరబడి నిలబడేది ఎక్కువగా భక్తి ఉన్నవాళ్లే. అందుకే వాళ్లతో ఒప్పందం రాసుకునేటప్పుడు ప్రార్థన తప్పనిసరి కాదని, పోలీసులు తెచ్చి దింపినా సరే ఎవరినీ బలవంతంగా ఉంచబోమని, ఫిర్యాదు వస్తే సంస్థతో సంబంధం లేని అధికారి వింటాడని స్పష్టంగా ఉండాలి. మతి స్థిమితం లేక తిరుగుతున్నవారి విషయంలోనూ 2017 మానసిక ఆరోగ్య చట్టం దారి చూపింది: పోలీసులు వాళ్లను ఇరవైనాలుగు గంటల్లోపు ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చాలి. ఆశ్రమం గేటు దగ్గర దింపి సంతకం తీసుకుంటే ఆ బాధ్యత తీరదు.