సవరణ: లోడుతో దూరిన బండి ఖాళీగా దూరకపోవచ్చు

రైల్వే అండర్ బ్రిడ్జిల ముందు, ఎత్తైన బళ్లను ఆపడానికి పెట్టే ఇనుప అడ్డకమ్మీల (హైట్ గేజ్‌ల) గురించి పోయిన వారం ఒక పోస్టు పెట్టాను. అందులో "సరుకుతో దూరిన బండి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఇంకా హాయిగా దూరుతుంది" అని రాశాను. అది తప్పు. సరుకు బాడీ మీదికి పొడుచుకు రానంతవరకు జరిగేది దీనికి రివర్స్. బరువుకు కమాన్ కట్టలు (బండి కింది స్ప్రింగు పట్టీలు) అణిగి బండి కిందికి దిగుతుంది, సరుకు దించేస్తే మళ్లీ పైకి లేస్తుంది.

బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రీ ఈ మాట చెప్పాడు. నేను నమ్మలేదు. దాంతో మా క్లోజ్డ్ బాడీ డీసీఎంకి టేపు పెట్టి చూశాం. లోడుతో 10 అడుగుల 3 అంగుళాలు, ఖాళీగా 10 అడుగుల అయిదున్నర అంగుళాలు. మేం రోజూ వెళ్లే గేజ్ మీద 3.2 మీటర్లని ఉంటుంది, అంటే దాదాపు పదిన్నర అడుగులు. సందు అర అంగుళం! ఇన్నాళ్లూ టెన్షన్ లేకుండా ఎలా తిరిగామో. పైగా కింద కొత్తగా తారు పొర వేస్తే ఆ సందు ఇంకా తగ్గుతుంది, బోర్డు మీద అంకె మాత్రం పాతదే ఉండొచ్చు.

కాబట్టి ఎత్తు ఖాళీ బండికే కొలవండి, పైన క్యారియర్ ఉంటే దాంతో సహా.

ఇంకోటి. ఆ పోస్టులోనే టైర్లలో గాలి తీయమన్నాను. అది ఇరుక్కున్న బండిని వెనక్కి లాక్కోవడానికి, ముందుకు దూరడానికి కాదు. నేను రాసిన తీరే ముందుకు దూరడానికి అన్నట్టు ఉంది. పాత పోస్టులో రెండూ మార్చాను.