శని, ఆదివారాల కమ్మరి

నేను కమ్మరి వృత్తి స్వీకరించి ఈ ఆదివారానికి ఐదు వారాలు. ఈ ఐదు వారాల్లో నా చేతుల మీదుగా వెలువడిన మొత్తం ఉత్పత్తి ఒక కొక్కెం. మొదట్లో గోడకు బిగించి తాళంచెవులు తగిలిస్తే అవి జారి కింద పడేవి. కొక్కెం మాత్రం కదిలేది కాదు. అందుకని దాన్ని కళాఖండంగా ప్రకటించాను. ఇంత అనుభవం వచ్చాక కూడా దేశానికి సలహా ఇవ్వకపోతే బాగుండదని ఈ వ్యాసం.

నా వయసు 44. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని ఏం తయారు చేస్తున్నానో మా అమ్మకు ఇప్పటికీ చెప్పలేకపోయాను. చెప్పినప్పుడల్లా "అయితే అది ఎక్కడుందిరా?" అంటుంది. "క్లౌడ్‌లో ఉందమ్మా" అంటే కిటికీలోంచి పైకి చూస్తుంది. మనిషన్నాక చేత్తో పట్టుకుని చూపించేది ఒక్కటైనా చెయ్యాలి కదా. నా ఈడు మిత్రుల్లో ఒకడు మిద్దెతోట పెట్టాడు. ఒకడు పిండి పులియబెట్టి రొట్టెలు కాలుస్తున్నాడు, మాకు పంచుతున్నాడు కూడా. ఇంకొకడు సైకిలు కొన్నాడు. ఆ డబ్బుకి పాత కారు వచ్చేదని అన్నందుకు మాతో మాటలు మానేశాడు. ఇక మిగిలింది ఇనుము ఒక్కటే.

చదువంతా వీడియోల్లో సాగింది. వాటి ప్రకారం కమ్మరికి ముందుగా కావలసింది గడ్డం. తర్వాత తోలు ఏప్రన్. ఇనుము వంతు నాలుగో వీడియోలోగాని రాలేదు. నిప్పు ఊదడానికి తిత్తి దొరక్క మా ఆవిడ హెయిర్ డ్రైయర్ వాడాను. ఇది నా సొంత ఆలోచన కాదు, ప్రపంచమంతటా నాలాంటి వాళ్లు ఇదే చేస్తారు. ప్రపంచమంతటా వాళ్ల ఆవిడలు ఏమంటారో మాత్రం ఏ వీడియోలోనూ చెప్పరు.

ఇనుమును పెట్టి కొట్టే దిమ్మను 'దాగలి' అంటారని నాకు అప్పటికి తెలియదు. 'యాన్విల్' అని వెతికి, ధర చూసి, కాసేపు కళ్లు మూసుకుని, కొన్నాను. నలభై కిలోలు. లిఫ్టులో ఎక్కిస్తుంటే వాచ్‌మన్ ఆపాడు.

"ఇది దేనికి సార్?"

"కొట్టడానికి."

"ఎవర్ని సార్?"

ఆ సాయంత్రానికల్లా మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శి గారు నన్ను చూసి నవ్వడం మానేశారు.

పనిలోకి దిగాక తెలిసింది, ఇనుముకు భాష ఉందని, అది రంగుల్లో మాట్లాడుతుందని. చెర్రీపండు ఎరుపు, నారింజ, పసుపు, ఒక్కో రంగుకు ఒక్కో పని. అందుకే కొలిమి నీడలో పెట్టుకుంటారు, ఎండలో ఆ రంగులు కనబడవు. నేను మా బాల్కనీలో మిట్టమధ్యాహ్నం పెట్టాను. రంగు తెలియక అయస్కాంతంతో పరీక్షించాను. ఇనుము సుమారు 770 డిగ్రీలకు చేరితే అయస్కాంతానికి అంటుకోదు. శాస్త్రం ఎంత గొప్పదో, అయస్కాంతాన్ని ఒట్టి చేత్తో దగ్గరికి తీసుకెళ్లినప్పుడు అర్థమైంది.

రెండో వారం పాత నీళ్ల గొట్టం ముక్క కాల్చాను. దానికి జింకు పూత ఉంటుందని, కాలిస్తే ఆ పొగ జ్వరం తెప్పిస్తుందని నాకెవరూ చెప్పలేదు. అంటే చెప్పారు, ఆరో వీడియోలో. నేను ఐదోదాకే చూశాను. డాక్టరు గారు "బయట తిండి ఏమైనా తిన్నారా?" అని అడిగారు. "గొట్టం కాల్చాను" అన్నాను. ఆయన నా ఉద్యోగం ఏమిటని అడిగి, చీటీలో విశ్రాంతి అని రాశారు.

ఇలాంటప్పుడే మనిషికి చరిత్ర అక్కరకొస్తుంది. నిజామాబాద్ జిల్లాలో కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అని ఊరుంది. ఒకప్పుడు అక్కడ మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వ్యాపారులు వచ్చేవారు. 1820ల్లో ఆ కొలుముల్ని కళ్లారా చూసి రాసిపెట్టినవాడు హెన్రీ వాయ్‌సీ అనే సర్వే శాఖ వైద్యుడు. డమాస్కస్ కత్తి అని లోకం కీర్తించిన దానిలో ఇలాంటి దక్షిణాది ఉక్కే ఉంది. మన 'ఉక్కు' ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి 'వుట్జ్' అయింది. లండన్‌లో మైఖేల్ ఫారడే కూడా దీని గుట్టు తేల్చాలని 1819 ప్రాంతంలో కుస్తీ పట్టాడు. ఆయన తండ్రి కమ్మరే. ఇదంతా అసోసియేషన్ మీటింగులో నిలబడి చెప్పాను. కార్యదర్శి గారు శ్రద్ధగా విని, "ఇస్ఫహాన్ వాళ్లు మన బ్లాకులోకి రారుగా?" అని అడిగారు. పొగ గురించి తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నాలుగో అంతస్తు వాళ్లు ఆరేసిన తెల్లచొక్కా సాక్ష్యంగా తెచ్చారు.

ఇలా అణచివేత మొదలయ్యాకే ఉద్యమానికి ఊపొచ్చింది. మా ఆఫీసులో ఒక మిత్రుడు నన్ను కాఫీకి పిలిచి, గొంతు తగ్గించి, రెండో దశ గురించి మాట్లాడాడు. "కొలిమి ఉంది, బొగ్గు ఉంది. ఇక తుపాకిమందు కూడా ఇంట్లోనే చేసుకుంటే స్వావలంబన పూర్తవుతుంది బాస్." దీపావళి దగ్గరపడుతోంది మరి. మన తాతలు చిచ్చుబుడ్లు, మతాబులు ఇంట్లోనే కూరుకునేవాళ్లు కదా అన్నాడు. నిజమే, కూరుకునేవాళ్లు. ఏ ఇంటి పెద్దవాళ్లనైనా అడగండి, తాతగారి చిచ్చుబుడ్డి ఎంత ఎత్తు లేచేదో చెబుతారు. ఇంకాస్త కూర్చుంటే, ఫోటోల్లో తాతగారు ఎడమచెయ్యి ఎప్పుడూ కండువా కింద ఎందుకు పెట్టుకుంటారో కూడా చెబుతారు.

అసలు ఈ మందు పుట్టుకే పెద్ద వ్యంగ్యం. చైనాలో చావు లేకుండా చేసే ఔషధం కోసం వెతికినవాళ్ల చేతుల్లో ఇది పుట్టింది. ఇలాంటి మిశ్రమం జోలికి వెళ్లి కొందరు చేతులూ ముఖాలూ కాల్చుకున్నారనీ, ఇల్లు కూడా అంటుకుందనీ 9వ శతాబ్దం నాటి తావో గ్రంథమొకటి హెచ్చరించింది. అంటే 'ఇంట్లో చేయకండి' అన్న హెచ్చరిక ఈ పదార్థమంత పాతది. మన దగ్గర ఆ మాట చట్టంగా రావడానికి 1884 పట్టింది. లైసెన్సు లేకుండా పేలుడు పదార్థం తయారుచేస్తే ఆ చట్టం కింద నేరం. హాబీ అని, స్వావలంబన అని, 'తాతగారు' అని రాయడానికి ఆ దరఖాస్తులో గడి లేదు.

2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది చనిపోయారు. పొట్టకూటికి రోజూ ఆ పని చేసే మనుషులు వాళ్లు. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, ముందుకు పోతాను.

మా ఆవిడ ఈ రెండో దశను ఒక్క మాటతో ముగించింది. "ఏవండీ, కుక్కరు గ్యాస్కెట్ మార్చడానికి మీకు మూడు నెలలు పట్టింది." మిత్రుడు కాఫీ డబ్బులు కూడా నాతోనే ఇప్పించి వెళ్లిపోయాడు.

బాల్కనీ పోయింది, మందు పోయింది. ఇక గురువు కావాలి. నగరంలో రెండు రోజుల వర్క్‌షాపు ఒకటి దొరికింది. రుసుము ఎనిమిది వేలు, మధ్యాహ్నం పాస్తా. కొక్కెం అక్కడ పుట్టిందే. దాన్ని జేబులో వేసుకుని మా ఊరు వెళ్లాను, ఆచారి గారికి చూపించి ఆశీర్వాదం తీసుకుందామని.

చిన్నప్పుడు ఆయన కొలిమి దగ్గరికి వెళ్తే తిట్టి పంపేవాళ్లు. అప్పట్లో ఊళ్లో కర్రు, కొడవలి, గొడ్డలి, బండి కట్టు అన్నీ ఆయన చేతిమీదే. పంట ఇంటికొచ్చాక మేర కింద ధాన్యం కొలిచేవారు. ట్రాక్టరు వచ్చి కర్రు పోయింది. కోత మిషను వచ్చి కొడవలి పోయింది. కర్రూ కొడవలీ పోయాక మేర ఎవరిస్తారు? ఇప్పుడు లారీ కమాన్ కట్టల ముక్కలతో కత్తులు, గునపాలు చేస్తారు, అదీ ఎవరైనా అడిగితే. కొడుకు మా నగరంలోనే ఏసీలు రిపేరు చేస్తాడు. "వాణ్ణి కొలిమి దగ్గరికి రానివ్వలేదు బాబూ" అన్నారు, గర్వంగానే.

కొక్కెం చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇనుము ఏం తప్పు చేసింది బాబూ?"

వర్క్‌షాపు రుసుము చెప్పాను. ఆయన తన సంగతి చెప్పారు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, కమ్మరం ఒకటి. శిక్షణకు వెళ్తే రోజుకు 500, పనిముట్లకు 15,000. యాభై ఏళ్లుగా సమ్మెట పట్టిన మనిషి నేర్చుకోవడానికి ప్రభుత్వం రోజుకు 500 ఇస్తుంది. సమ్మెట ఎటు పట్టుకోవాలో తెలియని నేను నేర్చుకోవడానికి రోజుకు 4,000 ఇచ్చాను. ఆయన కాసేపు వేళ్ల మీద లెక్క వేసుకుని, "మనిద్దరి మధ్యలో ఎవరో బాగానే తింటున్నారు" అన్నారు. పాస్తా సంగతి చెప్పలేదు.

నాకు కత్తి చెయ్యాలని ఉందని, నిజమైన కత్తి, యుద్ధాల్లో వాడేలాంటిదని విన్నవించుకున్నాను. ఆయన పక్కనున్న కత్తిపీట చూపించారు. చట్టమూ ఆయన వైపే ఉన్నట్టుంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింది నిబంధనల లెక్క 9 అంగుళాలు దాటిన అలుగు దగ్గర మొదలవుతుంది గానీ, వంటింటి కత్తులను, వ్యవసాయపు కత్తులను పట్టించుకోదు. కత్తిపీటతో ఏ రాజ్యమూ జయించలేం కదండీ అంటే, "వంకాయలు కోసుకోవచ్చు" అన్నారు.

తర్వాత నా కొక్కేన్ని నిప్పుల్లో పెట్టారు. తిత్తి బదులు చేత్తో తిప్పే బ్లోయర్ ఉంది, తిప్పమన్నారు, తిప్పాను. "ఆపు" అన్నారు, ఆపాను. అయస్కాంతం తేలేదు. పట్టకారుతో తీసి దాగలి మీద పెట్టి ఆరో ఏడో దెబ్బలు. ఆ దాగలికి మధ్యలో గుంట పడి ఉంది, మూడు తరాల దెబ్బలట. నీళ్లలో ముంచితే చుయ్యిమంది. డబ్బులు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "దీనికేం డబ్బులు, సగం పని నువ్వే చేశావుగా" అన్నారు, మర్యాదకి.

ఇప్పుడు దానికి తాళంచెవులు నిలుస్తున్నాయి. కారువి కూడా. మంచి వెలుతురులో ఫోటో తీసి పెట్టాను. వర్క్‌షాపు వాళ్లతో సహా చాలామంది మెచ్చుకున్నారు. కార్యదర్శి గారు కూడా బొటనవేలు చూపించారు. ఒకరు అడిగారు, "ఆ వంపు అద్భుతం సార్, ఎక్కడ నేర్చుకున్నారు?" అని.

'స్వయంకృషి' అని రాశాను.