బకెట్ కంటే ముందు ఫ్లష్ ట్యాంకు చూడండి

ఇంట్లో నీళ్ల పొదుపు గురించిన ఒక వ్యాసంలో షవర్ మానేసి బకెట్ స్నానం చేయమన్నారు. మంచిదే. కానీ తిరుపతిలో బోరు నీళ్లు వాడే ఇళ్లలో అసలు దొంగ ఫ్లష్ ట్యాంకే. మూత తీయండి. నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం మూతికి అంగుళం కిందే ఆగాలి. ఆగకపోతే నీళ్లమీద తేలే ఫ్లోట్‌కున్న స్క్రూ తిప్పి మట్టం దించండి. తర్వాత చిటికెడు మిఠాయి రంగు వేసి, 20 నిమిషాలు ఫ్లష్ నొక్కకుండా ఉండండి. కమోడ్‌లోకి రంగు దిగిందంటే అడుగు వాషర్ కారుతోంది. ఉప్పునీళ్ల గార పట్టి రబ్బరు సరిగ్గా కూర్చోదు, అంతే. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో ఆ గార రుద్దేయండి. అప్పటికీ కారితేనే కొత్త వాషర్, అదీ పాతది షాపులో చూపించి కొనాలి, సైజులు కలవవు. బాత్‌రూం యాసిడ్ మాత్రం పోయొద్దు, ఇత్తడి భాగాలను తినేస్తుంది.

ట్యాంకులో ఇటుక పెట్టమని చెప్పేవాళ్లున్నారు. అది నాని, పొడి రాలి వాషర్ కిందికే చేరుతుంది. ఇసుక నింపి మూత బిగించిన లీటరు సీసా ఫ్లోట్‌కు తగలకుండా పెట్టండి, ఫ్లష్‌కు లీటరు మిగులు. పాత 10 లీటర్ల ట్యాంకులకే సుమా. 6 లీటర్లవాటిలో పెడితే రెండుసార్లు నొక్కాల్సొస్తుంది.

ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే నీళ్లు ఇల్లు తుడవడానికి సరి, మొక్కలకు రోజూ వద్దు.

మీటరు లేక నెలకింత అని కట్టేవాళ్లకు మునిసిపల్ బిల్లు ఎలాగూ తగ్గదు. మిగిలేది మోటారు కరెంటు, ఎండాకాలం ట్యాంకరు డబ్బులు.