తొందరపడని ఆపద్బాంధవులు

రష్యా దండెత్తిన ఉక్రెయిన్‌కు సాయం చేస్తున్న దేశాల మీద నిందలు ఎక్కువైపోయాయి. ఆలస్యం చేశారట, అరకొరగా ఇచ్చారట, ఇచ్చినదానికి సవాలక్ష షరతులు పెట్టారట. ఎంత అన్యాయం! ఆపదలో ఉన్నవాడిని ఆదుకోవడం ఎంత టెన్షనో ఆదుకునేవాళ్లకే తెలుస్తుంది. వాళ్ల తరఫున మాట్లాడే నాథుడు లేడు కాబట్టి ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను.

హెల్మెట్ల సంగతే చూడండి. 2022 జనవరిలో రష్యా లక్షమందికి పైగా సైనికుల్ని సరిహద్దుల్లో మోహరించింది. అప్పుడు జర్మనీ రక్షణ మంత్రి ఉక్రెయిన్‌కు 5,000 హెల్మెట్లు ఇస్తున్నామని ప్రకటించారు. మేం మీ పక్కనే ఉన్నామనడానికి ఇది సంకేతమని కూడా చెప్పారు. ఉక్రెయిన్ రాజధాని కీవ్ మేయర్ విటాలీ క్లిచ్కో ఒకప్పటి హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్, ఊరుకునే రకం కాదు. తర్వాత ఏం పంపుతారు, దిండ్లా అని అడిగేశారు. దిండ్లను అంత చులకన చేయకూడదు. నెల తిరక్కుండానే రష్యా దాడి మొదలై, కీవ్ జనం పిల్లాపాపలతో మెట్రో స్టేషన్లలో కటిక నేల మీద పడుకోవాల్సి వచ్చింది. దిండ్లు నిజంగానే పంపి ఉంటే ఈ యుద్ధంలో టైముకు అందిన సాయం అదొక్కటే అయ్యేది.

బుడాపెస్ట్ ఒప్పందం గురించి కూడా చాలామంది తప్పుగా మాట్లాడుతున్నారు. సోవియట్ యూనియన్ కూలాక ప్రపంచంలో మూడో అతిపెద్ద అణ్వాయుధ నిల్వ ఉక్రెయిన్ గడ్డ మీద మిగిలింది. వాటిని వదులుకోవడానికి ఒప్పుకున్నందుకు, 1994 డిసెంబర్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా కలిసి మీ సరిహద్దుల్ని గౌరవిస్తామని సంతకాలు పెట్టాయి. ముగ్గురిలో దండెత్తింది ఒక్కరే కదా. మిగతా ఇద్దరూ మాట నిలబెట్టుకున్నట్టే. మూడింట రెండు వంతులంటే 66 మార్కులు, మన యూనివర్సిటీల లెక్కలో ఫస్ట్ క్లాస్.

ఇక ఆయుధాలు. వీటికో పద్ధతి ఉంది. ఉక్రెయిన్ అడగ్గానే కుదరదనాలి. కొన్నాళ్లకు అది ఇస్తే మూడో ప్రపంచ యుద్ధం వస్తుందనాలి. ఆ తర్వాత పరిశీలిస్తున్నామనాలి. చివరికి కొన్ని ఇవ్వాలి. మూడో ప్రపంచ యుద్ధం రాలేదని గమనించి, ఉక్రెయిన్ అడిగిన ఇంకో ఆయుధం దగ్గర మళ్లీ మొదటికి రావాలి. ట్యాంకుల విషయంలో ఇది శాస్త్రోక్తంగా జరిగింది. అమెరికా ఇస్తేనే మేమూ ఇస్తామని జర్మనీ పట్టు పట్టింది. మా అబ్రామ్స్ ట్యాంకులు మహా ఇంధనం తాగుతాయి, వాటిని నడపడం మీవల్ల కాదు అని అమెరికా మొహమాటపడింది. మీరంటే మీరని నెలలు గడిచాక, 2023 జనవరి 25న ఇద్దరూ ఒకే రోజు సరేనన్నారు. జర్మనీ 14 లెపర్డ్ ట్యాంకులు, అమెరికా 31 అబ్రామ్స్. లెపర్డ్‌లు మార్చిలో చేరాయి, అబ్రామ్స్ సెప్టెంబర్‌లో. ఈలోగా రష్యా సైన్యం గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేదు, దక్షిణ ఉక్రెయిన్‌లోని జపోరిజియా పొలాల నిండా మందుపాతరలు పాతిపెట్టింది. ఆ వేసవిలో ఉక్రెయిన్ ఎదురుదాడి ఆ పొలాల్లోనే చిక్కుకుపోయింది. అప్పుడు మన విశ్లేషకులంతా ఉక్రెయిన్ సైన్యం నెమ్మదిగా కదులుతోందని పెదవి విరిచారు.

ఎఫ్-16 యుద్ధ విమానాలకూ అదే తంతు, 2024 ఆగస్టు దాకా ఆకాశంలో కనిపించలేదు. ఫిరంగి గుండ్లది మరో కథ. ఏడాదిలో పది లక్షలు ఇస్తామని యూరోపియన్ యూనియన్ 2023 మార్చిలో మాటిచ్చింది. గడువు నాటికి సుమారు సగం అందాయి. ఉక్రెయిన్ అడుగుతున్న జాబితాలు చూసి విసుగొచ్చిన అప్పటి బ్రిటన్ రక్షణ మంత్రి బెన్ వాలెస్, నేనేం అమెజాన్‌ను కాదని వాళ్లతో అన్నట్టు లిథువేనియా రాజధాని విల్నియస్‌లో జరిగిన నాటో సదస్సులో చెప్పుకొచ్చారు. నిజమే. అమెజాన్ అయితే పార్శిల్ ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్‌లో చూపిస్తుంది.

ఆ విల్నియస్ సదస్సులోనే నాటో ఒక అద్భుతమైన వాక్యం రాసింది. మిత్రదేశాలన్నీ ఒప్పుకుని, షరతులన్నీ పూర్తయినప్పుడు, ఉక్రెయిన్‌కు ఆహ్వానం పంపగలిగే స్థితిలో ఉంటాం అని. పంపుతామనలేదు, పంపమనీ అనలేదు. అప్పుడు కూడా పంపగలిగే స్థితిలో మాత్రమే ఉంటారు.

డబ్బు దగ్గర యూరప్ నిష్పక్షపాతం మరీ మెచ్చుకోదగ్గది. యుద్ధం మొదలైన ఆరు వారాలకు, 2022 ఏప్రిల్‌లో, యూరోపియన్ యూనియన్ విదేశాంగ ప్రతినిధి జోసెప్ బోరెల్ పార్లమెంటులో లెక్క విప్పారు. ఉక్రెయిన్‌కు ఆయుధాల కోసం ఇచ్చింది 100 కోట్ల యూరోలు, అదే సమయంలో గ్యాస్‌కూ చమురుకూ రష్యాకు కట్టింది 3,500 కోట్ల యూరోలు. ఇద్దరిలో ఎవరినీ చిన్నబుచ్చలేదు.

మనం నవ్వుకోవడానికి లేదు లెండి. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు బంకర్లలోంచి వీడియో కాల్ చేసినన్నాళ్లూ మనకు ఈ యుద్ధం సొంత ఇంటి గొడవ. మన ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ విమానాల్లో వాళ్లు ఇల్లు చేరాక అది డిస్కౌంట్ చమురు వ్యవహారమైంది. యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం దగ్గర ఉండేది, 2023కల్లా మూడో వంతు దాటింది. దాన్ని ఇక్కడ డీజిల్‌గా మార్చి యూరప్‌కే అమ్మాం. వాళ్లు కొన్నారు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

2025 ఫిబ్రవరి 28న సాయానికి కొత్త నియమం చేరింది. వైట్‌హౌస్‌లో కెమెరాల ముందే ఒక విలేఖరి ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని సూటెందుకు వేసుకోలేదని అడిగాడు. అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్, ఈ మీటింగ్‌లో ఒక్కసారైనా థాంక్స్ చెప్పారా అని నిలదీశారు. రోజుల వ్యవధిలో అమెరికా ఆయుధాలు ఆగాయి, నిఘా సమాచారమూ ఆగింది. మరో వారానికి మళ్లీ ఇచ్చారు. ఆ వారంలో రష్యా క్షిపణులేవీ మర్యాద కోసం ఆగినట్టు లేదు.

అయినా ఇంత చేశాక కూడా మిత్రులు చేతులు దులుపుకోలేదు. 2025 సెప్టెంబర్‌లో పారిస్‌లో సమావేశమై, ఉక్రెయిన్ భద్రత కోసం 26 దేశాలు ముందుకొచ్చాయని ప్రకటించారు. కొందరు సైనికుల్ని పంపుతారు, కొందరు సముద్రం మీదో ఆకాశంలోనో కాపలా ఉంటారు. కాల్పులు ఆగిన మర్నాటి నుంచి. ముందే ఎందుకు రారని అడిగేవాళ్లకు ఇంగితం లేదు. ముందే వస్తే అక్కడ కాల్పులు జరుగుతుంటాయి కదా!