చిరాకు ఒక మాట మీద, నష్టం ఇంకో మాట వల్ల

'ఐ లిటరల్లీ డైడ్' (అక్షరాలా చచ్చిపోయాను) అని ఎవరైనా అనగానే నా మొహం చిట్లుతుంది. చచ్చిపోయినవాడు నా ఎదురుగా కూర్చుని కబుర్లెలా చెబుతున్నాడని అడగాలనిపిస్తుంది. అడగను, లోపల గొణుక్కుంటాను. ఇంగ్లిష్ మాటల మీద కాస్త పట్టింపు ఉన్నవాళ్లందరి దగ్గరా ఇలాంటి మాటల చిట్టా ఒకటి ఉంటుంది. నా చిట్టాలో 'లిటరల్లీ' తర్వాత 'ఐ కుడ్ కేర్ లెస్', 'ఇర్రిగార్డ్‌లెస్', 'వెరీ యూనిక్' ('చాలా ఏకైకం') ఉన్నాయి.

ఈ మధ్య ఆ చిట్టా తిరగేస్తుంటే ఒక సంగతి తట్టింది. వీటిలో ఏ మాటా నన్ను ఇంతవరకు తప్పుదారి పట్టించలేదు. 'కుడ్ కేర్ లెస్' అంటే లెక్క ప్రకారం 'ఇంకా కాస్త పట్టింపు మిగిలే ఉంది' అని అర్థం రావాలి. కానీ 'నాకేం పట్టదు' అని కాక అలా అర్థం చేసుకున్న మనిషిని నేను చూడలేదు. 'ఇర్రిగార్డ్‌లెస్'లో ముందొక 'కాదు', వెనకొక 'లేదు' ఉన్నాయి; అర్థం మాత్రం మామూలు 'రిగార్డ్‌లెస్'లాగే 'ఏదేమైనా' అని. అయినా అది 1795 నుంచే అచ్చులో కనిపిస్తోంది. మెరియమ్-వెబ్‌స్టర్ 1934లోనే దాన్ని నిఘంటువులో చేర్చింది, ప్రామాణికం కాదన్న ముద్ర వేసి మరీ.

'లిటరల్లీ' కథ ఇంకా పాతది. 1769లో వచ్చిన ఫ్రాన్సెస్ బ్రూక్ నవలలోనే ఈ అతిశయోక్తి వాడకం ఉంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2011లో ఆ అర్థాన్ని చేరిస్తే, రెండేళ్ల తర్వాత ఎవరో గమనించారు. ఇంగ్లిష్ చచ్చిపోయిందని పత్రికలు గగ్గోలు పెట్టాయి. (లిటరల్లీ చచ్చిపోయిందని కాదనుకోండి.) మనం మాత్రం 'అక్షరాలా నరకం చూశాం' అనడం లేదా? అందులో ఎన్ని అక్షరాలున్నాయని ఎవరూ లెక్కపెట్టరు.

అసలు చిక్కు చడీచప్పుడు లేని మాటలతో. 'బైమంత్లీ' తీసుకోండి. నెలకు రెండుసార్లనీ అర్థమే, రెండు నెలలకోసారనీ అర్థమే. నిఘంటువులు రెండూ ఇస్తాయి. ఒకసారి బైమంత్లీ సమావేశమని కబురొస్తే రెండో వారానికే కాగితాలన్నీ సర్దుకుని వెళ్లాను. గదిలో నేనొక్కడినే. మిగతావాళ్లంతా రెండు నెలల లెక్కలో ఉన్నారు. విచిత్రమేమిటంటే ఆ మాట మీద నాకు కోపం రాలేదు. వ్యాకరణం తప్పు లేదు కదా!

'నాన్‌ప్లస్డ్' ఇంకా ప్రమాదం. నోట మాట రానంతగా తికమకపడ్డాడన్నది పాత అర్థం. లాటిన్‌లో 'నాన్ ప్లస్' అంటే 'ఇక లేదు' అని. అమెరికా ఇంగ్లిష్‌లో ఇప్పుడది 'చలించలేదు' అన్న అర్థంలోనూ పాకింది. 'ఆరోపణలు విని ఆయన నాన్‌ప్లస్డ్‌గా ఉండిపోయారు' అని చదివితే, ఆయన బిత్తరపోయారా, నిమ్మకు నీరెత్తినట్టున్నారా? వాక్యం ఎన్నిసార్లు చదివినా తేలదు.

'డిస్‌ఇంటరెస్టెడ్' దగ్గర నాకు నిజంగా బాధేస్తుంది. తగవు తీర్చే మనిషికి అందులో సొంత లాభం ఉండకూడదు, శ్రద్ధ మాత్రం ఉండాలి. మొదటిది డిస్‌ఇంటరెస్టెడ్, రెండోది లేకపోతే అన్‌ఇంటరెస్టెడ్. రెంటినీ కలిపేస్తే కునుకుపాట్లు పడే జడ్జీకీ, పక్షపాతం లేని జడ్జీకీ తేడా చెప్పే మాట పోతుంది. అయితే ఇక్కడ చరిత్ర నా పక్షాన లేదని ఒప్పుకోవాలి. 17వ శతాబ్దపు రాతల్లో ముందు కనిపించేది 'ఆసక్తి లేని' అన్న అర్థమే. కాబట్టి పాతదనం చూపించి నేను వాదించలేను. ఆ తేడా పనికొస్తుంది, అంతే నా వాదన.

'డెసిమేట్' అంటే పదిమందిలో ఒకరిని చంపడమేనని పట్టుబట్టేవాళ్లున్నారు. రోమన్ సైన్యంలో అలాంటి శిక్ష ఉండేది నిజమే. ఈ కాలంలో 'చాలా భాగం నాశనం చేయడం' అన్న అర్థంలోనే అందరూ వాడుతుంటే ఆ లెక్క ఎవరికి కావాలి? వదిలేయొచ్చు.

మరి హాని లేని మాటల మీదే అంత చిరాకెందుకు? అవి తేలిగ్గా దొరికిపోతాయి. పట్టుకున్న ప్రతిసారీ 'నాకు తెలుసు' అన్న చిన్న సంబరం ఉంటుంది. పైగా చాలాసార్లు మన కోపం మాట మీద కాదు, అన్న మనిషి మీద: వాళ్ల వయసు మీద, చదువు మీద, యాస మీద. 1710లో 'గలివర్' కథ రాసిన జొనాథన్ స్విఫ్ట్ లాటిన్ 'మొబీలే'ని కత్తిరించి 'మాబ్' (అల్లరి మూక) అనడం మీద మండిపడ్డాడు. 'పాజిటివ్'ని 'పాజ్' అనడం మీదా అంతే. 'పాజ్' దానంతటదే పోయింది. 'మాబ్' లేకుండా ఇవాళ ఇంగ్లిష్ పత్రికకు పూట గడవదు. ఆయన కోపం రెండింటి మీదా ఒక్కటే.

నేను మాత్రం రాసేటప్పుడు 'డిస్‌ఇంటరెస్టెడ్' మానేసి 'ఇంపార్షియల్' (నిష్పాక్షికం) అంటున్నాను. బైమంత్లీ అని ఎవరు పంపినా తేదీ అడుగుతున్నాను. 'వెరీ యూనిక్' వింటే పళ్లు నూరడం మాత్రం ఇంకా పోలేదు.