డయాలసిస్‌కు పింఛను ఉంది, బీపీ గోళీకే దిక్కులేదు

కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతికేవాళ్లకు తెలంగాణలో 2023 నుంచి ఆసరా పింఛను వస్తోంది. డయాలసిస్ కూడా ఆరోగ్యశ్రీ కింద ఉచితమే. మంచి పని. వారానికి రెండు మూడు రోజులు మిషన్ పక్కన పడుకునే మనిషి కూలికి పోలేడు కదా. కానీ అదే మనిషికి పదేళ్ల కింద బీపీ మొదలైన రోజుల్లో సర్కారు దవాఖాన ఏం చేసిందని అడిగితే మాత్రం జవాబు చెప్పేవాళ్లు దొరకరు. మన దగ్గర కిడ్నీలు చెడిపోవడానికి పెద్ద కారణాలు షుగర్, బీపీలే. రెండింటికీ మందుంది, అదీ చవక మందు. బీపీకి వేసుకునే అమ్లోడిపిన్ గోళీ ప్రభుత్వానికి రూపాయి లోపే పడుతుంది. డయాలసిస్ ఒక్కసారికే వెయ్యి దాటుతుంది, ఏడాది లెక్క వేస్తే లక్ష పైమాటే.

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ప్రభుత్వ వైద్యం గురించి ఎవరు మాట్లాడినా చర్చ రెండు విషయాల దగ్గరే ఆగిపోతుంది. ఆరోగ్యశ్రీ ఎన్ని లక్షల దాకా ఇస్తారు? మెడికల్ కాలేజీ ఎవరి నియోజకవర్గానికి వచ్చింది? ఈ రెండింటి కన్నా ముందు ఊళ్లో గోళీ దొరకడం సంగతి తేలాలన్నది నా వాదన.

ఆరోగ్యశ్రీని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. అది మొదలైందే ఇక్కడ. 2007 ఏప్రిల్ 1న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఈ పథకాన్ని ముందుగా మూడు వెనుకబడిన జిల్లాల్లో పెట్టింది. మహబూబ్‌నగర్ అందులో ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవాలి, లేదా సీఎం సహాయ నిధి కోసం లీడర్ల వెంట తిరగాలి. ఆ తిరుగుడు చాలామందికి తప్పింది. 2023 డిసెంబర్‌లో అప్పుడే వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. నిజానికి కొల్లాపూర్‌లోనో హాలియాలోనో ఉండే కుటుంబాల్లో 5 లక్షలు దాటే బిల్లు ఎంతమందికి అవుతుంది? పరిమితి పెంచడం ఒకటి, పాత బిల్లులు కట్టడం ఇంకొకటి. బకాయిలు రాలేదని పథకంలో ఉన్న ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రులు 2025లో కొన్నాళ్లు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. చేతిలో కార్డు ఉండి కూడా కౌంటర్ దగ్గర 'ఇప్పుడు కాదు' అనిపించుకునేవాడికి పది లక్షలైనా ఇరవై లక్షలైనా ఒకటే.

పైగా ఆరోగ్యశ్రీ ప్రధానంగా మంచం ఎక్కినవాళ్ల పథకం. రోజూ వేసుకునే గోళీ బాధ్యత దానిది కాదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానిది (పీహెచ్‌సీది).

అక్కడ మందులిచ్చే కిటికీ దగ్గర కాసేపు నిలబడి చూస్తే చాలు. దేవరకొండ వైపు ఒక సెంటర్‌లో చూసింది చెబుతాను. తండా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఓపీ చీటీ ఇచ్చింది. చీటీలో నెల రోజులకు రాసి ఉంది. ఫార్మసిస్టు కత్తెరతో షీటు కత్తిరించి సగం చేతిలో పెట్టాడు. 'అవ్వా, ఇవి పదిహేను రోజులకు. అయిపోయినంక మళ్లా రా' అన్నాడు. 'ఆటోకు పోను రాను వంద అయితది బిడ్డా' అని ఆమె గోళీలు కొంగున ముడేసుకుంది. అతని తప్పేమీ లేదు. ఉన్న స్టాకు అందరికీ సర్దాలి, లేదంటే వారం తిరగకముందే కిటికీ మూసుకోవాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితమే గానీ తండాకు బస్సు రావాలి కదా. ఇక ఆ పదిహేను గోళీలను ఆమె రోజు విడిచి రోజు వేసుకుంటుంది, లేదా తల నొచ్చినప్పుడు వేసుకుంటుంది. అవీ అయిపోతే ఊళ్లో ఆర్ఎంపీ ఉన్నాడు. ఆయన దగ్గర ఉద్దెర నడుస్తుంది, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. ప్రజలు ఆర్ఎంపీ దగ్గరికి తెలియక పోతున్నారనుకోవడం పొరపాటు.

ఇదివరకు 104 బండి ఉండేది. నెలకోసారి, చెప్పిన తేదీకి ఊళ్లోకి వచ్చి బీపీ, షుగర్ చూసి గోళీలిచ్చి పోయేది. దాని మీద కంప్లయింట్లు లేకపోలేదు. అయినా ముసలివాళ్లకు ఆ తేదీ గుర్తుండేది. తర్వాత ఆ బండ్లను ఎత్తేశారు, పల్లె దవాఖానాలు వచ్చాయి. ఆలోచన మంచిదే. ఏఎన్ఎంలు, ఆశాలు ఇల్లిల్లూ తిరిగి ముప్పై దాటినవాళ్ల బీపీ, షుగర్ చూసి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం 2019-21 నాటికే రాష్ట్రంలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 31 శాతం, ఆడవాళ్లలో 26 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా మందు వాడుతున్నారు. కాబట్టి రోగులను కనిపెట్టడం ఇప్పుడు పెద్ద పని కాదు. కనిపెట్టినవాళ్లకు పన్నెండు నెలలూ గోళీ అందిందా, బీపీ అదుపులోకి వచ్చిందా అన్నదే లెక్క. రివ్యూ మీటింగుల్లో మాత్రం ఎంతమందికి పరీక్షలు చేశారన్న అంకెకే చప్పట్లు.

జబ్బు ముదరకముందే ఆపాలన్న పాఠం నల్లగొండకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల్లో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల తరబడి ఎముకలను వంచింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో తయారుచేసి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. పేరు ప్రపంచమంతా పాకింది, నల్లగొండలో నడుములు మాత్రం వంగుతూనే ఉన్నాయి. చివరికి ఆ జబ్బుకు అడ్డు పడింది ఏ స్పెషలిస్టూ కాదు. మొదట కృష్ణా నీళ్లు, తర్వాత మిషన్ భగీరథ నల్లా. అయితే అప్పటికే వంగిపోయిన ఎముకలు నల్లా నీళ్లతో నిటారు కావు. ఆ తరం ఇప్పటికీ కీళ్ల నొప్పులతోనే ఉంది. నొప్పికి ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్ లాంటివి మింగితే కిడ్నీలకు ముప్పని ఏ డాక్టరైనా చెబుతాడు. ఈ మండలాల్లో నొప్పి గోళీలు వాడేవాళ్ల పేర్లు రాసి, ఆరు నెలలకోసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష) చూడాలి. శాంపిల్ పంపడానికి తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్ జిల్లా కేంద్రంలో ఉండనే ఉంది. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, పేరు పెట్టి ఫ్లెక్సీ కట్టే పనీ లేదు. బహుశా అందుకే ఎవరికీ పట్టలేదు.

ఇక కాలేజీలు. 2016లో మహబూబ్‌నగర్‌తో మొదలై, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్, 2024లో గద్వాల, నారాయణపేట చేరి, ఉమ్మడి పాలమూరులోని ఐదు జిల్లా కేంద్రాలకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. నల్లగొండ, సూర్యాపేటలకు 2019లోనే వచ్చాయి. ప్రసవాలకు, యాక్సిడెంట్ కేసులకు ఇవి నిజంగా పనికొచ్చాయి. కానీ పాఠం చెప్పే ప్రొఫెసర్లే చాలినంత మంది లేరని జాతీయ వైద్య కమిషన్ 2025లో రాష్ట్రంలోని చాలా ప్రభుత్వ కాలేజీలకు నోటీసులిచ్చింది. కాలేజీ వచ్చిన చోట జిల్లా ఆసుపత్రి వైద్య విద్య డైరెక్టర్ కిందికి మారుతుంది. ఏరియా ఆసుపత్రి ఒకరి కింద, పీహెచ్‌సీ ఇంకొకరి కింద. జిల్లా కేంద్రంలో షుగర్ మందు మార్చి రాసిన డాక్టరుకు, ఆ మందు పేషెంటు ఊరి పీహెచ్‌సీలో ఉందో లేదో తెలిసే దారి లేదు. చీటీ పట్టుకుని పేషెంటే తిరగాలి.

పాలమూరు కూలీల గోస మరోటి. ఆరు నెలలు పుణెలోనో ముంబైలోనో పనిచేసేవాడికి ఊరి పీహెచ్‌సీ రికార్డు అక్కడ పనికిరాదు. పోయేటప్పుడే మూడు నెలల గోళీలు కట్టిస్తే సగం సమస్య తీరుతుంది.

డబ్బు లేదంటారా? ఆరోగ్యానికి రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా పెట్టాలని, అందులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి ఇవ్వాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 8 శాతానికి పెట్టిన గడువు 2020. తెలంగాణ 2025-26 బడ్జెట్ సుమారు 3 లక్షల 5 వేల కోట్లయితే వైద్యారోగ్య శాఖకు ఇచ్చింది 12,393 కోట్లు, అంటే 4 శాతం. కేంద్రం తక్కువేమీ తినలేదు. కేంద్రం, రాష్ట్రాలు కలిసి పెట్టిన ప్రభుత్వ వైద్య ఖర్చు 2021-22లో జీడీపీలో 1.84 శాతమే. అదే విధానం 2025కల్లా చేరాలన్నది 2.5 శాతం.

గుండె పట్టేసిన మనిషిని వదిలేసి గోళీలు పంచుతారా అని ఎవరైనా అడగొచ్చు. ఆపరేషన్ ఆపమని ఎవరూ అనడం లేదు. ఉన్న 4 శాతంలోంచి గోళీల డబ్బు ముందు పక్కన పెట్టమనే అడుగుతున్నాం, ఎందుకంటే దానికయ్యేది చాలా తక్కువ. బీపీ, షుగర్ రోగులకు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చి, ప్రతి పీహెచ్‌సీ తలుపు మీద ఇవాళ ఏ మందు ఎన్ని రోజులకు ఉందో బోర్డు రాసి పెట్టాలి. అదే లెక్క కలెక్టర్ రివ్యూలో మొదటి అంశం కావాలి. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో మన పద్నాలుగు నియోజకవర్గాల పాలమూరు ఎమ్మెల్యేలు కాలేజీ సీట్లతో పాటు ఆ స్టాకు లెక్క కూడా అడగాలి.