తలకెత్తుకునే ముందు

కళ్లకు కట్టుకుంటే చుట్టూ ఇంకో లోకం కనిపించే వీఆర్ హెడ్‌సెట్ కొందామనుకుంటున్నానని నా దగ్గరికొచ్చేవాళ్లు అడిగేవన్నీ దాదాపు ఒకే ప్రశ్నలు. మెటా కంపెనీ క్వెస్ట్ 3 తీసుకోవాలా, చౌక రకం 3ఎస్ సరిపోతుందా? రిజల్యూషన్ ఎంత? పీసీకి తగిలించాలంటే కేబుల్ కావాలా, వైఫై చాలా? అన్నీ అడగాల్సినవే. కానీ నాలుగేళ్ల తర్వాత ఇది ఆన్ అవుతుందా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఫ్రిజ్ కొనేటప్పుడు ఎన్నేళ్లు వస్తుందని అడుగుతాం, బండి కొనేటప్పుడూ అడుగుతాం. దీని దగ్గరికొచ్చేసరికి ఎందుకో ఆ ఊసే రాదు. నా జవాబు చివరిదాకా దాచిపెట్టే ఉద్దేశం లేదు. గేమ్స్ ఆడుకోవడానికే అయితే కొనకండి.

వెనకటి కథ మీకు తెలిసిందే కాబట్టి గబగబా దాటేస్తాను. 2012లో ఓక్యులస్ అనే హెడ్‌సెట్ కంపెనీ వాళ్లు కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో డబ్బు పోగేశారు. 2014లో ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) ఆ కంపెనీని సుమారు 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2016లో ఓక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్, సోనీ ప్లేస్టేషన్ వీఆర్ హెడ్‌సెట్లు మూడూ నెలల తేడాతో మార్కెట్లోకి దిగాయి. ఇక ఇంటింటా ఇవేనని అందరూ రాశారు. (నేనూ రాశాను. ఆ వ్యాసం ఇప్పుడు ఎవరికీ చూపించను.) అప్పటి నుంచి తెరలు పదునెక్కాయి, వైర్లు పోయాయి, ధరలు దిగాయి. ఇంటింటా మాత్రం రాలేదు. పీసీ గేములమ్మే స్టీమ్ స్టోర్ నెలనెలా వేసే హార్డ్‌వేర్ సర్వే తీసి చూడండి. వీఆర్ హెడ్‌సెట్ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి రెండు శాతానికి అటూ ఇటూ తచ్చాడుతున్నారు.

నా దగ్గరా ఒకటుంది. ఏ కంపెనీదో అనవసరం. మొదటి పది రోజులు ఇంటికొచ్చిన ప్రతివాళ్ల తలకూ తగిలించాను. ఎత్తైన భవనం అంచున నిలబెడితే పెద్దవాళ్లు కూడా కెవ్వుమన్నారు. మూడో నెలకల్లా అది పుస్తకాల బీరువా పైకెక్కింది. ఒక శనివారం రాత్రి గంట తీరిక దొరికితే దించాను. చార్జింగ్ తొమ్మిది శాతం. కేబుల్ పెట్టగానే అప్‌డేట్ అంది. అది పూర్తయ్యాక చూస్తే ఎడమ చేతి కంట్రోలర్ పలకలేదు. లోపలి పెన్సిల్ సెల్ అయిపోయింది. గోడ గడియారంలోది పీకి అందులో వేశాను. ఈ గది నాకు తెలియదంది. కుర్చీలు జరిపి, నేల మీద హద్దు గీత మళ్లీ గీశాను. గేమ్ తెరిస్తే దానికి ఇంకో అప్‌డేట్. ఈలోగా కళ్లజోడుకు ఆవిరి పట్టింది. చివరికి ఆట మొదలై పదకొండు నిమిషాలు కాలేదు, భుజం మీద చెయ్యి పడి ఉలిక్కిపడ్డాను. తీసి చూస్తే మా అమ్మాయి.

"నాన్నా, గడియారం ఎందుకు ఆగిపోయింది?"

ఆ రాత్రి ఏదీ పాడవలేదు. అన్నీ పనిచేయాల్సిన తీరులోనే పనిచేశాయి. అదే అసలు తంటా. ఫోన్‌లో గేమ్‌కు బొటనవేలు చాలు. టీవీ ముందు సోఫాలో వాలి ప్యాడ్ పట్టుకుంటే పక్కవాళ్లతో మాట్లాడుతూనే ఆడొచ్చు. దీనికి మాత్రం ఒళ్లు సహకరించాలి, రెండు మీటర్ల చదరం ఖాళీ ఉండాలి, ఇంట్లోవాళ్లు మనల్ని కాసేపు వదిలేయాలి. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, ప్లేస్టేషన్ వీఆర్2 బరువు 560. చేత్తో పట్టుకుంటే ఇంతేనా అనిపిస్తుంది. ముఖానికి కట్టుకుని అరగంట అటూ ఇటూ తల తిప్పితే మెడ లెక్క చెబుతుంది. కళ్లు నడుస్తున్నామంటాయి, లోపలి చెవి కూర్చునే ఉన్నామంటుంది. ఆ ఇద్దరి తగాదాలో కడుపు తిప్పుతుంది. కంటిదీ మరో ఇబ్బంది. లెన్సుల ఫోకస్ ఒకే దూరంలో బిగించి ఉంటుంది. చేతిలో ఉన్నట్టు కనిపించే వస్తువును చూడ్డానికి కళ్లు రెండూ ముక్కువైపు తిరుగుతాయి గానీ ఫోకస్ మాత్రం దూరంలోనే ఉండిపోవాలి. అలవాటైతే తగ్గుతుందంటారు. కొందరికి తగ్గుతుంది కూడా. కానీ వినోదానికి కొన్న వస్తువుకు ఒళ్లు అలవాటుపడే దాకా ఎన్నాళ్లు ఆగుతాం?

కొనమనేవాళ్ల మాటలో పస లేదనను. హాఫ్-లైఫ్: అలిక్స్ అనే ఆటలో అరల్లోని సామాను చేత్తో పక్కకు నెట్టి వెనక తూటాల కోసం వెతుకుతుంటే కలిగే అనుభూతి మామూలు తెర మీద రాదు. బీట్ సేబర్ అరగంట ఆడితే చొక్కా తడిసిపోతుంది. విమాన సిమ్యులేటర్లు, కార్ రేసింగ్ పిచ్చి ఉన్నవాళ్లకైతే ఇది నిజంగానే వరం. కూర్చునే ఆడతారు, మలుపు ఎటుందో మెడ తిప్పి చూస్తారు, స్టీరింగూ పెడళ్లూ ఎలాగూ ముందే కొనిపెట్టుకుని ఉంటారు. ధర కూడా దిగొచ్చింది. క్వెస్ట్ 3ఎస్‌ను 2024లో 299 డాలర్లకే తెచ్చారు. ఇవన్నీ నిజాలే. మొదటి వారానికి సంబంధించిన నిజాలు.

నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఆ తర్వాతి సంగతి. 1995లో నింటెండో వర్చువల్ బాయ్ అనే యంత్రాన్ని తెచ్చింది. బల్ల మీద స్టాండుకు నిలబెట్టి, వంగి కళ్లు ఆనించి చూడాలి. కనిపించేదంతా ఎరుపూ నలుపే. మెడనొప్పి, తలనొప్పి. మొత్తం కలిపి 22 గేములే వచ్చాయి. ఏడాది తిరక్కుండానే ఆపేశారు. గేమింగ్ చరిత్రలో పరువు తక్కువ యంత్రాల జాబితా ఎవరు వేసినా దీని పేరుంటుంది. అయితే ఇప్పటికీ ఎవరి అటక మీదైనా ఒకటి దొరికితే, క్యాట్రిడ్జ్ తోసి స్విచ్ వేస్తే అది వెలగడానికి అవకాశముంది. వయసు మీరేకొద్దీ లోపల తెరకు వెళ్లే కేబుల్ జిగురు వదిలి బొమ్మలో గీతలు పడతాయి. టంకం పెట్టడం వచ్చినవాళ్లు విప్పి అతికించుకుంటున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా, ఎవరి అనుమతీ అడక్కుండా.

ఇప్పుడు 2020 చివర్లో వచ్చిన హెచ్‌పీ రివర్బ్ జీ2ను తీసుకోండి. ఒక్కో కంటికి 2160×2160 పిక్సెళ్లు. లెన్సులు, స్పీకర్ల తయారీలో స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ చెయ్యి కూడా ఉంది. సిమ్యులేటర్ ఆడేవాళ్లు ఏరికోరి కొన్నారు. అది నడిచేది మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ మీద. 2023 డిసెంబరులో ఆ సాఫ్ట్‌వేర్‌కు స్వస్తి చెబుతున్నామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్‌లో దాన్ని తీసేసింది. ఏసర్, డెల్, లెనోవో, శామ్‌సంగ్ లాంటి కంపెనీలు అదే వేదిక మీద చేసిన హెడ్‌సెట్లదీ ఇదే గతి. లెన్సు పగల్లేదు, తెర మాడలేదు, కంట్రోలర్ కింద పడలేదు. కంప్యూటర్‌కు అప్‌డేట్ ఎక్కించిన మర్నాడు హెడ్‌సెట్ పలకడం మానేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్‌లోనే పనిచేసే ఒక ఇంజినీర్ 2025లో సొంత తీరికలో, హెడ్‌సెట్‌ను కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా పంచాడు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ల హెడ్‌సెట్లు అలా లేచి కూర్చున్నాయి. ఆ మనిషికి దండం పెట్టాల్సిందే. కానీ అంత డబ్బు పోసి కొన్న వస్తువు ఎవరో ఒకరి మంచితనం మీద బతకడమేమిటి?

టంకం పెట్టే ఇనుపకడ్డీతో బాగుపడే ఓటమి ఒకవైపు, ఏ కడ్డీకీ లొంగని విజయం ఇంకోవైపు. నన్ను ఎంచుకోమంటే ఆ ఎర్ర బొమ్మల డబ్బానే ఎంచుకుంటాను.

ఇదేదో ఒక్క కంపెనీ నిర్వాకం అనుకోకండి. ఓక్యులస్ పేరుతో మొదటి క్వెస్ట్ 2019 మేలో వచ్చింది. కొత్త ఫీచర్లు ఇక ఇవ్వబోమని 2023 జనవరిలో చెప్పేశారు. నాలుగేళ్లు నిండలేదు. సోనీ ప్లేస్టేషన్ వీఆర్2ను తెచ్చినప్పుడు దాని ఖరీదు ప్లేస్టేషన్ 5 కంటే ఎక్కువ. ఆడించే పెట్టెను మించిన ధర పెట్టి కొన్నా, మొదటి ప్లేస్టేషన్ వీఆర్ కోసం కొనుక్కున్న గేములు అందులో నడవవు. కొత్తగా వెర్షన్ చేస్తే తప్ప పాత అరంతా దండగే. ఫోన్‌ను తగిలించుకుని చూసే గూగుల్ డేడ్రీమ్ 2016లో వచ్చి 2019లో వెళ్లిపోయింది. మన పాత టీవీ రిమోట్లు ఇంతకంటే ఎక్కువ కాలం బతుకుతాయి.

ఇక తాళం చెవి సంగతి. 2020 అక్టోబరు నుంచి ఓక్యులస్ కొత్తగా కొన్నవాళ్లకు ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి చేశారు. ఎక్కడో పెట్టిన పోస్టుకు ఖాతా మూతపడితే ఇంట్లో హెడ్‌సెట్ ఏమవ్వాలి? గేమ్ ఆడుకోవడానికీ మన స్నేహితుల జాబితాకూ సంబంధమేమిటి? జర్మనీలో పోటీ నియంత్రణ సంస్థ ఈ ముడి మీద విచారణే మొదలుపెట్టింది. రెండేళ్లు గోల జరిగాక, 2022 ఆగస్టులో మెటా ఖాతా అని వేరే ఏర్పాటు చేశారు. ముడి మారింది, తాడు అదే. 2023 ఆగస్టు 1న ఎకో వీఆర్ అనే ఆటను సర్వర్లతో సహా మూసేశారు. గాల్లో తేలుతూ డిస్కు విసురుకునే ఆట అది, చిన్నదే అయినా ప్రాణంపెట్టే జనం ఉన్న ఆట. ఓక్యులస్‌లో టెక్నాలజీ బాధ్యతలు చూసిన జాన్ కార్మాక్ కూడా, ఆడేవాళ్లు తక్కువైనంత మాత్రాన వాళ్ల చేతిలోది లాక్కోకూడదని బాహాటంగానే వాదించారు. వినలేదు.

ధర తక్కువైతే సంతోషించాలి గానీ ఈ సణుగుడేమిటంటారా? ఎందుకు తక్కువో చూడండి. మెటాలో హెడ్‌సెట్లు చేసే రియాలిటీ ల్యాబ్స్ విభాగం 2022లో 1,372 కోట్ల డాలర్లు, 2023లో 1,612 కోట్లు, 2024లో 1,773 కోట్లు నష్టపోయింది. కంపెనీ తన లెక్కల్లో తానే రాసుకున్న అంకెలివి. ఇంత నష్టం భరిస్తూ ఎవరైనా వస్తువు అమ్ముతున్నారంటే మనకు దానం చేస్తున్నట్టు కాదు. రేపు ఈ రంగమంతా తమదవుతుందన్న పందెం అది. పందెం గెలిస్తే ఆ నష్టాన్ని మన దగ్గరే వసూలు చేసుకుంటారు. ఓడితే విభాగాన్ని చుట్టేస్తారు. రెండిట్లో ఏది జరిగినా నిర్ణయం మీటింగ్ గదిలో జరుగుతుంది, ఫలితం మన బీరువా పైన కనిపిస్తుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

నిజానికి నా పేచీ హెడ్‌సెట్‌తో ఆగదు. "కొనడం" అనే క్రియకే ఏదో అయింది. పాత క్రయ దస్తావేజుల్లో ఓ వాక్యం ఉండేది. దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో, పుత్ర పౌత్ర పారంపర్యంగా అనుభవించవలసినది అని. చదవడానికి నోరు తిరగదు గానీ అందులో కొనడమంటే ఏమిటో మొత్తం ఉంది. ఇవ్వొచ్చు, మార్చుకోవచ్చు, అమ్మొచ్చు, పిల్లలకు వదిలేయొచ్చు. ఇవాళ హెడ్‌సెట్ స్టోర్‌లో కొన్న గేమ్‌ను వీటిలో ఏం చేయగలం? తమ్ముడికి అమ్మలేం. ఖాతా పోతే వెతుక్కోలేం. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన ద క్రూ అనే రేసింగ్ ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడదామన్నా వీల్లేదు. డబ్బు పెట్టి కొన్నవాళ్ల చేతిలో డిస్కు మిగిలింది, ఆట మిగల్లేదు. ఆ కోపంలోంచే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టింది. ఐరోపాలో దాని వినతికి 2025 జులైలో సంతకాలు పది లక్షలు దాటాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఇచ్చేది లైసెన్సు మాత్రమే అయితే, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకును "కొనండి" అని అమ్మకూడదు. అది రాకముందే స్టీమ్ తన బిల్లు పేజీలో ఆ ముక్క రాసిపెట్టేసింది. అద్దె అని ఒప్పుకున్నారన్నమాట. అద్దె తగ్గించారా అంటే, లేదు.

మామూలు గేమ్‌లో పోయేది ఆట ఒక్కటే, కంప్యూటర్ మిగులుతుంది. హెడ్‌సెట్ దగ్గర ఈ జబ్బు ముదిరిపోయింది. ఆట, ఆడించే యంత్రం, లోపలికి వెళ్లే ఖాతా మూడూ ఒకే చేతిలో ఉంటాయి. పైగా మన గది కొలతలు, చేతుల కదలికలు చూసే కెమెరాలు దానికి ఉంటాయి. ఆ సంగతి ఇక్కడ ఎత్తితే ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేస్తున్నా.

ఇంత చెప్పినా కొనే తీరతానంటే, ముందు ఎవరి దగ్గరైనా నెల రోజులు అరువు తీసుకోండి. మొదటి వారం లెక్కలోకి తీసుకోవద్దు, అప్పుడు అందరం చిన్నపిల్లలమే. నాలుగో వారంలో ఎన్నిసార్లు మీ అంతట మీరు దించి తలకు పెట్టుకున్నారో చూడండి. గేములు కొనేటప్పుడు హెడ్‌సెట్ కంపెనీ స్టోర్‌లో కాకుండా, పీసీలో ఇంకో హెడ్‌సెట్‌తోనూ నడిచేవి కొనండి. యంత్రం పోయినా ఆటలైనా మిగులుతాయి. ఇంకొక్కటి, కిటికీ పక్కన మాత్రం పెట్టకండి. సూర్యకాంతి లెన్సుల్లోంచి సూటిగా లోపలి తెర మీద పడి దాన్ని మాడ్చేస్తుంది. అప్‌డేట్‌తో పనిలేకుండానే పోతుంది.

నాది ఇప్పటికీ బీరువా పైనే ఉంది, లెన్సుల మీద గుడ్డ కప్పి. ఎడమ కంట్రోలర్ ఖాళీగానే ఉంది. ఆ సెల్‌ను మా అమ్మాయి మర్నాడు పొద్దున్నే తీసి గడియారంలో వేసేసింది. అది ఈ వ్యాసం రాసేటప్పటికి ఐదు నిమిషాలు ముందే నడుస్తోంది.